గీత మీద లేచిన గుట్ట

ప్రొఫెసర్ జ్ఞానానందం గారిని ప్రశ్న అడిగినవాళ్ళకి ఆ పూట జవాబు వచ్చేది కాదు. ఆయన శ్రద్ధగా వినేవారు, కళ్ళజోడు తుడుచుకునేవారు, ఏదో ఒక పని అప్పజెప్పి పంపేవారు. పని ముగిసేసరికి జవాబు దానంతటదే తగిలేది. కొందరికి కాస్త గట్టిగానే తగిలేదని ఆయన శిష్యులు చెప్పుకుంటారు.

సముద్రం ఒడ్డున ఉన్న ఒక యూనివర్సిటీలో ఆయన భౌతికశాస్త్రం చెప్పేవారు. ఏటా వేసవిలో ఒకే ఒక్క డిగ్రీ విద్యార్థిని తన ల్యాబ్‌లోకి రానిచ్చేవారు. ఆ ఏడు ఆ చోటు తవిటినాయుడికి దక్కింది. పాలకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన కుర్రాడు, బీఎస్సీ రెండో సంవత్సరం. వాళ్ళ కాలేజీ ల్యాబ్‌లో లోలకం ఒక్కటే సరిగ్గా పనిచేసేది. అది కూడా పనిచెయ్యకుండా ఉండటం దానికి చేతకాదు గనక. అలాంటి చోటు నుంచి వచ్చినవాడు, మొదటి రోజే ఉండబట్టలేక అడిగేశాడు.

"సార్, రీసెర్చ్ అంటే ఎక్కడ మొదలెట్టాలండి? ముందు ఏ పుస్తకం చదవమంటారు?"

జ్ఞానానందం గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. లోపలికి వెళ్ళి ఒక చిన్న గాజుసీసా తెచ్చి అతని చేతిలో పెట్టారు. లోపలి ద్రవం తేటగా, రంగు లేకుండా ఉంది.

"ఇందులో ఒక రసాయనం కలిసి ఉంది. అతినీలలోహిత కాంతిని ఒకచోట మింగుతుంది. ఎక్కడ మింగుతుందో, ఎంత మింగుతుందో చూసి శుక్రవారం మీటింగులో చెప్పు. చేతికి తగలనివ్వకు."

ఆ ల్యాబ్‌లోనే పీహెచ్‌డీ చేస్తున్న ఫర్హానా అతనికి యంత్రం వాడటం నేర్పింది. ద్రవం గుండా కాంతిని పంపితే తెరమీద ఒక గీత నడుస్తుంది. ద్రవం కాంతిని మింగిన చోట గీత గుట్టలా పైకి లేస్తుంది. ఆ పిల్ల మంచికే పోయి, "ఇలాంటివి మామూలుగా ఇదిగో, ఇక్కడ లేస్తాయి తమ్ముడూ," అని తెరమీద వేలు పెట్టి మరీ చూపించింది.

నాయుడు చేతులకు తొడుగులు వేసుకుని, ఊపిరి బిగబట్టి యంత్రం నడిపాడు. గీత లేవలేదు. చలికి వణికినట్టు అక్కడక్కడా కాస్త వణికింది, అంతే. గాజు పాత్ర కడిగి మళ్ళీ చూశాడు. మళ్ళీ అదే. యంత్రం అబద్ధం చెప్పదు, గురువు అబద్ధం చెప్పరు, ఇక తప్పు చెయ్యడానికి మిగిలింది తనొక్కడే అనుకున్నాడు. ఎవరినైనా అడగాలంటే సిగ్గు. శుక్రవారం ఉత్త చేతులతో నిలబడితే ఈ చోటు పోతుంది, పార్వతీపురంలో బావ సెల్‌ఫోన్ల కొట్లో కూర్చోవాలి. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి అయింది అతని పని.

డిగ్రీ ల్యాబుల్లో ఒక సంప్రదాయం ఉంది. రావలసిన జవాబు అందరికీ ముందే తెలుసు గనక, దానికి సరిపడే రీడింగులు కూర్చున్నచోటే వండి వారుస్తారు. దాన్ని దొంగతనం అనరు, తెలివి అంటారు. పాపం, నాయుడు అంత పని చెయ్యలేదు. ఒక్క అంకె కూడా మార్చలేదు. యంత్రాన్ని మళ్ళీ మళ్ళీ నడిపించాడు. ఆ వణుకులో ఏ గీతైనా ఫర్హానా చూపించిన చోట రవ్వంత పైకి లేస్తే, ఇది మంచి రీడింగు అని దాచుకున్నాడు. లేవని గీతల్ని, ఇక్కడేదో పొరపాటు జరిగింది అని తీసి పారేశాడు. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాననే అనుకున్నాడు. మంచివన్నీ కలిపి సగటు తీసేసరికి, ఎక్కడ కావాలో సరిగ్గా అక్కడే గుట్ట లేచింది. ఆ సాయంత్రం సముద్రం దాకా నడిచి వెళ్ళి, మొక్కజొన్న కంకి కొనుక్కుని తిన్నాడు. అంత సంతోషం వేసింది అతనికి.

శుక్రవారం మీటింగులో తెరమీద గుట్టను చూపించి, ఎంతో సాధన చేసుకున్న పుస్తకాల భాషలో వివరించాడు. స్కాలర్లందరూ తలలూపారు. ఫర్హానా చప్పట్లు కొట్టింది. జ్ఞానానందం గారు మాత్రం ముందుకు వంగి అడిగారు.

"గుట్ట ఉందంటావు?"

"ఉందండి."

"ఖాయమేనా?"

"ఖాయమండి సార్."

ఆయన చెయ్యి చాపి సీసా అడిగి తీసుకున్నారు. మూత తిప్పారు. ల్యాబ్‌లోకి ఎవరైనా మంచినీళ్ళ బాటిల్ తెస్తే గుమ్మం దాకా సాగనంపే మనిషి, ఆ సీసా ఎత్తి, టీ తాగినంత తాపీగా గుటకలు వేశారు.

ఫర్హానా లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడిపోయింది. ఒక స్కాలర్ ఫోన్ తీశాడు గానీ ఎవరికి చెయ్యాలో తెలియక అలాగే నిలబడిపోయాడు. నాయుడికి పై ప్రాణాలు పైనే పోయాయి. నేర్చుకున్న పుస్తకాల భాష ఎటో ఎగిరిపోయింది.

"ఓలమ్మో! తాగీసినారేటి సార్! ఉమ్మీయండి, ఉమ్మీయండి!" అని గురువుగారి చెయ్యి పట్టుకుని గుంజాడు.

ఆయన సీసా ఒలకకుండా జాగ్రత్తగా బల్లమీద పెట్టి మూతి తుడుచుకున్నారు. "ఏం కాదు, కంగారుపడకు. ఒట్టి డిస్టిల్డ్ వాటర్. బొత్తిగా రుచి ఉండదు."

మొదటి దెబ్బకు గురువు ప్రాణం పోతుందని భయపడినవాడికి, ఈ రెండో దెబ్బకు తన ప్రాణమే పోయినట్టయింది. తెరమీద ఆ గుట్ట ఇంకా నిక్షేపంగా నిలబడి ఉంది. నీళ్ళలో లేనిది అక్కడెలా ఉంది? ఎవరు పెట్టారు దాన్ని? అబద్ధమాడినట్టు గుర్తుంటే ఏడ్చి ఒప్పుకునేవాడు. ఎంత వెతుక్కున్నా ఒక్క అబద్ధమూ దొరకలేదు. అదే అతన్ని అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది.

"నానేటీ మార్చలేదు సార్," అన్నాడు. "ఒట్టు. ఒక్క అంకె మార్చలేదు."

"తెలుసు. మార్చి ఉంటే ఈపాటికి నిన్ను పాలకొండ బస్సు ఎక్కించేవాణ్ణి." ఆయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. "సరే, ఇప్పుడు చెప్పు. ఈ సీసాలో ఏముంది?"

"నీళ్ళండి."

"ఎలా తెలుసు?"

నాయుడు తెల్లబోయాడు. "మీరే చెప్పారు కదండీ?"

"రసాయనం ఉందని చెప్పింది కూడా నేనే కదయ్యా," అన్నారు జ్ఞానానందం గారు, సీసాను అతని వైపు జరుపుతూ. "సగం మిగిల్చాను. చూసుకో."