రేగడికుంట బానయ్య చాటింపు

తెలిసినోళ్లు తల ఊపుండ్రి, తెల్వనోళ్లు చెవి ఇటు పెట్టుండ్రి. ఇప్పుడు మట్టిదిబ్బలు ఉన్న కాడ అప్పుడు ఇప్పచెట్లు ఉండె. ఎన్నేండ్ల కింద అంటే నాకు తెల్వది, మా అవ్వకూ తెల్వది. ఆ కాలంల వాగు ఒడ్డున మూడు ఊర్లు. నెమలిమడుగు, ఇప్పలగూడెం, రేగడికుంట.

మూడు ఊర్లకూ చాటింపు వేసే మనిషి ఒక్కడే, బానయ్య. ఇల్లు రేగడికుంటల. సదువు రాదు. బర్రె తప్పిపోయినా, బోనాలు ఏనాడో చెప్పాలన్నా, టీకాలోళ్లు వచ్చినా బానయ్య డప్పు కొట్టి చాటేటోడు. చాటే మాటను ముందుగాల మూడుసార్లు వినేటోడు. విన్నంక ఒక మాట అతికించడు, ఒక మాట మింగడు.

వాగు అవతల అప్పటికే బొగ్గు కంపెనీ ఒక గని తవ్వింది. సొరంగం గాదు. మేక తోలు ఒలిచినట్టు భూమిని పైనుంచి ఒలుచుకుంట పోయే గని. బాంబులకు గోడలు పగిలినయి. బాయిలు ఎండినయి. తినే బువ్వ మీద నల్లదుమ్ము. అది చాలక కంపెనీ కన్ను వాగు ఇవతల పడ్డది.

అయితే తవ్వే ముందు జనాన్ని పిలిచి అడగాలని సర్కారు కాయిదా. పిలిచినట్టు చాటింపు వెయ్యాలె. కచ్చేరి గుమాస్తా కాయితం పట్టుకొని బానయ్య తానికొచ్చిండు.

"ఊరవతల, జొన్నచేను కాడ మూడు దెబ్బలు కొట్టు. చాటిన అని ఏలిముద్ర వెయ్యి. అయిపాయె."

"కాయితంల ఏముంది సారూ?"

"నీకెందుకు?"

"వినకుంట ఎట్ల చాటుత?"

సదువు రానోడు ఏం చేస్తడులే అనుకొని గుమాస్తా చదివిండు. ఆ భూమి చాలావరకు బీడట. ఇండ్లు పదిహేనట. చెట్లు లెక్కల్లకు రావట. ఎల్లుండి సభకు రానోళ్లు ఒప్పుకున్నట్టేనట.

"ఇంకోసారి చదువుండ్రి సారూ."

చదివిండు.

"ఇంకోసారి."

విసుక్కుంట మళ్లా చదివిండు.

"మరి మా పొలాలు, బాయిలు, ఇండ్లు ఏమైతయి సారూ?"

"బొగ్గు మీదున్నదంతా ఓబీ. అంటే పైబరువు. తీసి అవతల పోస్తరు."

బానయ్య మొఖం ఎర్రగైంది. అతని తల్లిని ఆ మట్టిలనే పెట్టిండ్రు. ఏలిముద్ర వెయ్యలేదు. డప్పు భుజానికేసుకొని నడిచిండు.

జొన్నచేను కాడ ఆగలేదు. సభ మాటతో సహా కాయితమంతా ఊరూరా చాటిండు. ముందు నెమలిమడుగుకు పోయిండు. "వినుండ్రయ్యా, ఈ భూమి బీడట." మడిల నాటేస్తున్న ఆడోళ్లు నడుములు ఎత్తిండ్రు. మోకాళ్లదాక బురద. "గిది బీడా?" అన్నరు.

తర్వాత ఇప్పలగూడెం పోయిండు. "వినుండ్రయ్యా, చెట్లు లెక్కల్లకు రావట." ఊరి పెద్ద లేచిండు. "మా దేవుండ్లు చెట్లల్లనే ఉన్నరు. వాళ్లూ లెక్కల్లకు రారా?"

ఆఖరికి రేగడికుంట. "వినుండ్రయ్యా, ఇండ్లు పదిహేనట." బానయ్య పెండ్లాం మల్లక్క చీపురు కింద పడేసింది. "మన వాడకట్టులనే ఇరవై ఆరు. మనం ఎవలం మరి? దయ్యాలమా?"

సభ నాడు షామియానా కింద కుర్చీలు ఇరవైయే వేసిండ్రు. వచ్చింది మూడు ఊర్ల జనం. సభ నడిపే పెద్ద సారు చూసి గతుక్కుమన్నడు.

"వీళ్లను ఎవడు పిలిచిండు?"

"నేనే దొరా. చాటుమని కాయితం ఇచ్చిండ్రు. చాటిన."

"కాయితంల లేని మాటలు చెప్పి రెచ్చగొట్టినవ్."

బానయ్య చేతులు కట్టుకొని కాయితమంతా అప్పజెప్పిండు. నంబరు, తేదీ, బీడు, పదిహేను ఇండ్లు, ఒక్క అక్షరం పొల్లుపోకుంట. పెద్ద సారు చేతిలున్న కాయితం వంక చూసి దాన్ని మడిచి జేబుల పెట్టుకున్నడు.

అప్పుడు మల్లక్క లేచింది. "నేను మల్లక్కను. నా ఇల్లు రేగడికుంటల ఉంది. రాసుకో సారూ." ఆమె వెనుక ఇంకొకలు, వాళ్ల వెనుక ఇంకొకలు. పేరు చెప్పుడు, ఇల్లు చెప్పుడు, రాసుకో అనుడు. పొద్దు గుంకకముందే గుమాస్తా కాయితాలు అయిపోయినయి, మనుషులు అయిపోలేదు.

అబద్ధం రాసినోళ్లు హాయిగా ఇంటికి పోయిండ్రు. దాన్ని చదివి వినిపించినోన్ని పోలీసులు పట్టుకపోయిండ్రు. పుకార్లు లేపిండని కేసు. డప్పు చీరిండ్రు. పదకొండు దినాలు ఠాణాల పెట్టి కొట్టిండ్రు. దగ్గుకుంట ఇల్లు చేరిండు.

కథ కదా అని అన్నీ గెలిచినట్టు చెప్పను. రెండు ఊర్లు నిలిచినయి. రేగడికుంట పోయింది. బానయ్య ఇల్లు, తల్లిని పెట్టిన జాగ, అన్నీ మట్టిదిబ్బల కలిసినయి. నెమలిమడుగోళ్లు అతనికి గుడిసె వేసిచ్చిండ్రు. రెండో వానకాలంల సచ్చిపోయిండు. పాడె మూడు ఊర్లోళ్లూ మోసిండ్రు.

ఇప్పటికీ ఆ దిక్కు ఏ ఆఫీసోళ్లు కాయితం తెచ్చినా జనం ఏలిముద్ర వెయ్యకుంట చేతులు వెనుకకు కట్టుకొని నిలబడతరు. "బానయ్య విన్నడా?" అని ఎవరో ఒకరు అడుగుతరు. కొత్తగ వచ్చిన సారుకు అర్థం గాదు. "బానయ్య ఎవరు? పిలువుండ్రి, సంతకం పెట్టించుకుంట" అంటడు.

ఎవరూ నవ్వరు. ఒక ముసలామె కాయితం తిరిగి ఆయన చేతిల పెడతది.

"మొదటిసంది చదువు బిడ్డా. గట్టిగ. మూడుసార్లు."