నోటినిండా మూడు ధారలు

అనగనగా ఒక ఊళ్ళో... ఉండు, ఊరి కంటే ముందు కొండ చెప్పాలి. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో, అక్కడ చలి.

అనగనగా ఒక పెద్ద కొండ. మబ్బులు దాని నడుం దగ్గరే ఆగిపోతాయి, అంత ఎత్తు. ఆ కొండ మీద ఒక కొలను. నీళ్ళు నీలంగా, వేలు పెడితే కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి. చుట్టూ చెట్టన్నది లేదు. గడ్డీ, రాళ్ళూ, ఆ పైన మంచు. ఆ మంచు కరిగి, మూడు పక్కల నుంచి మూడు ధారలై కొలనులోకి దూకుతుంది. కొలను నుంచి గంటసేపు కిందికి దిగితే అప్పుడొస్తుంది మన ఊరు.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. బిడ్డ పుట్టగానే పేరు పెట్టరు. వానలు వెలిశాక మొదటి పున్నమి నాడు ఆ బిడ్డ అక్కో అన్నో కొండెక్కాలి. కొలను చుట్టూ నడిచి, మూడు ధారల నీళ్ళూ ఎండిన ఆనపకాయ బుర్రలో పట్టాలి. పొద్దు గూకేలోపు తెచ్చి బిడ్డ నెత్తిన పోసి, పేరు పెట్టి పిలవాలి. ఆలస్యమైతే మళ్ళీ ఏడాదే. మొదటి బిడ్డకి ఎవరు తెస్తారంటావా? మేనత్త తెస్తుంది. అన్నీ నీకే కావాలి!

ఆ ఊళ్ళో నూకాలమ్మ అని ఒకావిడ. డెబ్బై ఏళ్ళు. ఆవిడకో తమ్ముడు. అరవై రెండేళ్ళు, బట్టతల, బక్క ప్రాణం. అతని పేరేంటో తెలుసా? చంటోడు. నవ్వకు. పేరు పెట్టని మగపిల్లల్ని ఆ ఊళ్ళో చంటోడు అంటారు, అంతే.

ఎందుకలా అయిందంటే, నూకాలమ్మకి మాటలెక్కువ. నాకూ ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఆవిడ ముందు నేనెంత! ఎనిమిదేళ్ళప్పుడు తమ్ముడి కోసం బుర్ర పట్టుకుని కొండెక్కింది. మొదటి ధారతో కాసేపు మాట్లాడింది. రెండో ధారతో ఇంకాసేపు. మూడోదాని దగ్గర ఒక గొర్రెపిల్ల కనబడింది. ఇంకేముంది, కబుర్లే కబుర్లు. ఊరు చేరేసరికి పొద్దు గూకింది. ఊరంతా తిట్టింది. "చచ్చినా మళ్ళీ ఆ కొండెక్కను" అని ఒట్టేసుకుంది. ఆ తర్వాత ఏటేటా తమ్ముడు అడగడం, ఏటేటా ఆవిడ మాట మార్చెయ్యడం. అలా అరవై ఏళ్ళు దొర్లిపోయాయి.

అప్పుడు చంటోడికి మనవడు పుట్టాడు. ఆ పసివాడికీ పేరు పెట్టలేదు కదా, వాడూ చంటోడే. ఒకనాడు "చంటోడికి పాలు పట్టండర్రా" అని కోడలు కేకేసింది. ఎవరో గ్లాసు తెచ్చి తాత చేతిలో పెట్టారు. ఇంటిల్లిపాదీ పొట్టలు పట్టుకుని నవ్వారు. చంటోడూ నవ్వాడు. ఆ తర్వాత పెరట్లోకి వెళ్ళి ఒక్కడే కూచున్నాడు.

నూకాలమ్మ వెనకాలే వెళ్ళింది. "ఏరా, ఏడుస్తున్నావా?"

"లేదక్కా, పొగ."

"పొయ్యే వెలిగించలేదు, పొగెక్కడిదిరా?"

అప్పుడు చంటోడన్నాడు, "రేపు నేను పోతే ఏమని చెప్పుకుంటారక్కా? చంటోడు పోయాడంటే, అయ్యో పసిబిడ్డ అనుకుంటారు."

నూకాలమ్మ తమ్ముడి పక్కన చతికిలబడింది. కాసేపే అనుకో. ఆ తర్వాత మోకాళ్ళు పట్టుకుని లేచింది. "ఎల్లుండే పున్నమి. ఈ ఏడు పోతే నా మోకాళ్ళు ఇంకో ఏడు ఎక్కవు. పద. వెంట రా గానీ, బుర్ర మాత్రం ముట్టుకోకు. అది అక్క పని."

పున్నమి నాడు ఇద్దరూ చోడిరొట్టెలు, అదే రాగిరొట్టెలు, మూటగట్టుకుని, తెల్లారగానే బయల్దేరారు. మబ్బులోంచి నడిచారు. కనుబొమల మీద నీటి చుక్కలు నిలిచాయి. మబ్బు దాటేసరికి, అమ్మమ్మో, ఎంత ఎండ! ఎంత కొలను!

మొదటిది జడధార. మూడు పాయలుగా దిగి, కింద ఒక్కటిగా అల్లుకుంటుంది. "బాగున్నావే తల్లీ! నన్ను గుర్తుపట్టావా?" అని నూకాలమ్మ మొదలెట్టింది. "అక్కా, పొద్దు!" అన్నాడు చంటోడు. బుర్రలో మూడోవంతు పట్టింది.

ఆ తర్వాత పాలధార. తెల్లగా, నురగలు నురగలుగా పడుతుంది. చంటోడు తలపాగా తీసి దాని కింద బట్టతల పెట్టాడు. "అమ్మో! అయ్యో! అబ్బో!" అని గంతులేశాడు. "సన్నికల్లు కడిగినట్టు మెరుస్తోందిరా నీ గుండు" అని నూకాలమ్మ పడీ పడీ నవ్వింది. రొట్టెలు తిన్నారు. బుర్ర ఇంకో మూడోవంతు నిండింది.

ఆ తర్వాత ఉరుముధార. పేరుకి తగ్గట్టే చప్పుడు. దాని వెనకాల రాతి గోడనానుకుని సన్నటి దారి. ఇటు రాయి, అటు నీటి తెర, ఆ తెర మీద ఎండ. ఇద్దరూ ఏడు రంగుల్లోంచి నడిచారు. నూకాలమ్మ చెయ్యి చాచి బుర్ర నింపింది. అప్పుడే చంటోడి కాలు నాచు మీద పడింది. జర్రున జారాడు!

నూకాలమ్మ రెండు చేతులూ చాచి తమ్ముణ్ణి పట్టేసుకుంది. మరి బుర్ర? కింద రాళ్ళ మీద పడి, టప్!

"నన్నెందుకు పట్టుకున్నావే అక్కా? బుర్ర పోయింది కదే!"

"నిన్నొదిలేసి బుర్ర పట్టుకెళ్తే, ఎవడి నెత్తిన పొయ్యనురా?"

ఇద్దరూ ఈసురోమంటూ కొలను ఒడ్డుకొచ్చి కూలబడ్డారు. నూకాలమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. చంటోడు మాత్రం కొలనుని అలాగే చూస్తున్నాడు. "అక్కా, మూడు ధారలూ ఇందులోకే కదా దూకేది? ఇందులో మూడూ లేవూ?"

"ఉన్నాయిరా, ఉన్నాయి! కానీ దేంట్లో పట్టుకెళ్ళేది? ఇక్కడ దొన్నె కుట్టుకుందామంటే ఆకు కూడా లేదు. దోసిలి నిలవదు. తలపాగా కారిపోతుంది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "నీ నోరు పెద్దదేగా అక్కా" అన్నాడు చంటోడు మెల్లిగా.

నూకాలమ్మ తమ్ముడి నెత్తిన ఒక్కటి మొట్టింది. ఆ తర్వాత వంగి, నోటినిండా నీళ్ళు పట్టింది. బుగ్గలు బూరెల్లా పొంగాయి. దిగడం మొదలెట్టింది.

గంట నడక. మాట్లాడకూడదు, నవ్వకూడదు, మింగకూడదు. అదీ నూకాలమ్మ!

కాస్త దిగగానే గొర్రెల గవరమ్మ ఎదురైంది. "నూకాలప్పా, మునసబు గారింట్లో ఏం జరిగిందో విన్నావా?" అంది. వినలేదు! ఏం జరిగిందో! నూకాలమ్మ కళ్ళు పెద్దవి చేసి, తల అడ్డంగా ఊపి, గబగబా దాటిపోయింది.

ఇంకాస్త దిగాక కట్టెల మోపుతో సింహాచలం ఎదురయ్యాడు. "అప్పా, నీ పెళ్ళిలో పప్పు మాడిందట కదా? మా అమ్మ చెప్పింది." మాడలేదు! మాడింది సింహాచలం వాళ్ళమ్మ పెళ్ళిలో! నూకాలమ్మ చెవులు ఎర్రబడ్డాయి. ముక్కుతో బుస్సుమని, కాళ్ళు నేలకేసి కొడుతూ దిగింది.

ఇంక దారిలో ఎవరూ లేరు. తమ్ముడూ తనే. అక్క నోరు మూతబడింది కదా, అరవై రెండేళ్ళలో మొదటిసారి చంటోడికి మాట్లాడే వంతు వచ్చింది.

"అక్కా, నాకు నీ మీద ఎప్పుడూ కోపం లేదు. నా కోసం అంత చిన్న పిల్లవి ఒక్కదానివే అంత కొండెక్కావు. అది చాలనుకునేవాణ్ణి. చెబుదామంటే నీ మాటల మధ్య సందు దొరికేది కాదు."

నూకాలమ్మ కళ్ళు నిండాయి. అయినా చుక్క మింగలేదు. తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఊరి దాకా వదల్లేదు.

ఊరంతా రచ్చబండ దగ్గర చేరింది. పొద్దు కొండ అంచు మీదుంది. ఊరి పెద్ద అడిగాడు, "బుర్ర ఏదమ్మా?" నూకాలమ్మ బుగ్గలు చూపించింది. జనం గొల్లున నవ్వారు. చంటోడు జరిగిందంతా చెప్పాడు.

"నోట్లో తెచ్చిన నీళ్ళు చెల్లుతాయా?" అన్నారొకరు. "ఇలాంటిది ఎప్పుడైనా విన్నామా?" అన్నారింకొకరు.

ఊరి పెద్ద చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "దార్లో ఎవరితోనైనా మాట్లాడిందా?"

"నేను పలకరిస్తే ఉలకలేదు, పలకలేదు!" అంది వెనకాలే వచ్చిన గవరమ్మ.

"పప్పు మాట ఎత్తినా ఊరుకుంది!" అన్నాడు సింహాచలం.

ఊరి పెద్ద దండం పెట్టాడు. "మన నూకాలమ్మ గంటసేపు నోరు మూసుకుని మోసుకొచ్చిందంటే, ఇంతకంటే కష్టపడి ఎవరూ తేలేదు. కానివ్వు తల్లీ, పొద్దు గూకుతోంది."

అప్పుడు నూకాలమ్మ తమ్ముడి బట్టతల మీద పుప్పుర్ర్‌మని ఊదింది! మూడు ధారలూ జలజలా చెవుల మీదుగా కారాయి. ఎనిమిదేళ్ళప్పుడు అనుకున్న పేరు, ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని ఒకే ఒక్క మాట, ఆవిడ గట్టిగా పిలిచింది.

"భీమన్నా!"

అతను వెనక్కి తిరిగి చూశాడు, ఎవర్నో పిలుస్తోందని.

"భీమన్నా!"

అతను ఇటు చూశాడు, అటు చూశాడు. "ఎవరే అక్కా?"

"నువ్వేరా! భీమన్నా!"

అప్పుడు ఆ బక్క ముసలాయన ఛాతీ ఇంత పొంగించి, కొండ మారుమోగేలా అన్నాడు.

"ఓయ్!"

కథేమో కొండ దిగి కంచికి,
మనమేమో కబుర్లాపి ఇంటికి,
నిద్దరేమో మెల్లిగా కంటికి.