ఉంచుకోమన్న మాట

భీమేశ్వరం మాస్టారికి ఒక అలవాటుండేది. ప్రశ్న అడిగినవారి వైపు తిరిగేవారు కాదు. అప్పటిదాకా ఎటు చూస్తుంటే అటే చూస్తూ ఉండిపోయి, అడిగినవాళ్ళు ఇక జవాబు రాదనుకున్నాక, ఎక్కడో ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి మొదలుపెట్టేవారు.

ఒక సాయంత్రం సముద్రపు ఒడ్డున శిష్యురాలు మందాకిని ఆయన్ని అడిగింది. ఆమె అప్పట్లో ఒక ఇంగ్లీషు నవలని తెలుగు చేస్తోంది. “కీప్ అన్న చిన్న క్రియ దగ్గర మాటిమాటికీ ఆగిపోతున్నాను మాస్టారూ. ఒకచోట ఉంచుకోవడం అవుతుంది, ఇంకోచోట కాపాడటం. పేజీ తిప్పితే మాట నిలుపుకోవడం. వీటిలో అసలు అర్థం ఏది?”

నీళ్ళ రంగూ ఆకాశం రంగూ ఒకటైపోతున్న వేళ అది. దూరాన పడవ ఒకటి నీళ్ళమీద ఉందో గాలిలో ఉందో తెలియకుండా ఉంది. ఆయన దాన్నే చూస్తూ చెప్పారు.

ఒక ఊరి రైల్వే కాలనీలో నోరా అనే ఆంగ్లో ఇండియన్ ఆవిడ ఉండేది. గార్డుగా చేసిన భర్త పోయాడు. ఇంట్లో వంటచేసే మనిషి కాన్పులో చనిపోతే, ఆ పసిగుడ్డుకి రూబీ అని పేరు పెట్టి తనే పెంచుకుంది. పిల్లకి మాటలు వస్తున్న రోజుల్లో నోరాకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఎక్కడో కొండలమీది ఆసుపత్రికి వెళ్ళాలి, పిల్లల్ని అక్కడికి రానివ్వరు. వెనక వీధిలో ఇడ్లీలు వేసి అమ్మే పైడమ్మ పిల్లని ఎత్తుకుని రైలుదాకా వచ్చింది.

తెల్లవారుతోంది. ప్లాట్‌ఫారమంతా మంచు. నోరాకి తెలుగు బాగానే వచ్చు. కానీ విడిపోయే వేళ మనిషికి పుట్టుభాషే నోటికొస్తుంది. కిటికీలోంచి పిల్ల తల నిమిరి, “కీప్ హర్, పైడమ్మా” అంది. రైలు మంచులోకి వెళ్ళిపోయింది. కూత మాత్రం చాలాసేపు వినబడింది.

తిరిగొస్తూ పైడమ్మ స్టేషను గుమాస్తాని అడిగింది. “కీప్ అంటే ఏటి బాబూ?”

“ఉంచుకో అని” అన్నాడతను తలెత్తకుండా.

పైడమ్మ రెండో మనిషిని అడగలేదు. ఆమెకు పిల్లల్లేరు.

మొదట్లో నోరా క్షేమమన్న కబురు ఒకటి రెండుసార్లు వచ్చింది. తరవాత అదీ లేదు. ఆవిడ పోయిందనే అందరూ అనుకున్నారు. రూబీ అన్న పేరు పైడమ్మ నోట రూపి అయింది. ఇడ్లీ పొయ్యి పక్కన, ఆవిరి మధ్యలో ఆ పిల్ల పెరిగింది. పలక పట్టుకుని బడికి వెళ్ళే ఈడు వచ్చింది.

అప్పుడు నోరా తిరిగి వచ్చింది. సన్నబడి, నెరిసిన జుట్టుతో, ఒక తెల్లవారుజామున మంచులో నడిచి పైడమ్మ గుమ్మం ముందు నిలబడితే, ఇడ్లీలకొచ్చిన మనిషనుకుని పిల్ల పీట వేసింది.

“రూబీని తీసుకెళ్తాను పైడమ్మా” అంది నోరా.

పైడమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. “ఉంచుకోమన్నావు కదమ్మా.”

“కాపాడమన్నాను. నేనొచ్చేదాకా చూడమన్నాను.”

కాలనీ పెద్దలు పిల్ల నోరాదే అన్నారు. పైడమ్మ ఎదురు చెప్పలేదు. మర్నాడు పొయ్యి వెలిగించలేదు. పిల్లకి తలంటి, జడ వేసి, కొత్త గౌను తొడిగి, తనే చెయ్యి పట్టుకుని నోరా ఇంటికి తీసుకెళ్ళింది.

“తీసుకోమ్మా. ఆ మాటకి ఇంకో అర్థముందని నాకు తెల్దు. తెలిస్తే ఇంతలా పెంచుకోకపోదును.”

నోరా ఆ చిన్న చేతిని తన చేతిలోకి తీసుకుంది. పిల్ల ఏడవలేదు. కొత్త ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు అణకువగా అడిగింది.

“నన్ను ఎన్నాళ్ళు ఉంచుకుంటారు అమ్మగారూ?”

నోరా వంగి పిల్ల మొహంలోకి చూసింది, పైడమ్మ మొహంలోకి చూసింది. తరవాత ఆ చేతిని మెల్లగా తీసి పైడమ్మ చేతిలో పెట్టింది.

“నీకు అర్థమైందే సరైనది. ఉంచుకో.”

ఆ తరవాత నోరా ఆ వెనక వీధిలోనే గది తీసుకుంది. పొద్దున్నే వచ్చి పైడమ్మ అరుగుమీద కూర్చునేది. ఆవిరిలో ముగ్గురూ మసకమసకగా కనబడేవారు. పిల్ల ఆవిడని చాలాకాలం అమ్మగారనే పిలిచింది. ఒకరోజు, ఎవరూ చెప్పకుండానే, ‘గారు’ వదిలేసింది.

మాస్టారు ఆగిపోయారు. పడవ ఇప్పుడు కనబడటం లేదు.

“మరి రైలు కిటికీలోంచి అన్నప్పుడు నోరా మనసులో ఉన్న అర్థం ఏది?” అని అడిగింది మందాకిని.

ఆయన లేచి, పంచెకి అంటిన ఇసుక దులుపుకున్నారు.

“ఇంగ్లీషు ఆవిడకి పుట్టుకతో వచ్చిన భాషేనమ్మా. ఆ ఒక్క మాటే, పిల్ల అడిగిన రోజున, కాస్త ఆలస్యంగా వచ్చింది.”