అరిచే సొరబుర్ర

గాడిద ముత్యాలుకు అన్యాయం జరిగింది ఫాల్గుణ శుద్ధ పాడ్యమి, ఆదివారం, పొద్దు బారెడెక్కిన వేళ. ఆ వేళే ఆమె నక్క నాగభూషణం కొట్లో కొత్త బండి కొన్నది.

బోడికొండ మీద ఒక ఊట ఉంది. కొండ కింద గొర్రెల మంద ఉంది. రెంటికీ నడుమ ఒళ్లు గగుర్పొడిచే రాళ్ల దిగుడు. ఊటనీళ్లు పీపాల్లో నింపి, ఆ దిగుడు దింపి మందకు చేరిస్తే గొర్రెలు జొన్నలు కొలిచేవి. ముత్యాలు బతుకుతెరువు అదే. పైగా అప్పుడామె చూడితో ఉంది. వానలు పడేనాటికి ఈనుతుంది. ఈనాక రెండు నెలలు బండి కట్టేది లేదు. ఆ రెండు నెలలూ తల్లీబిడ్డా బతకాలంటే నలభై మానికల జొన్నలు కావాలి. ముత్యాలు ముందుచూపు గలది కాబట్టి కొట్టం వెనక పాతరలో అరవై దాచింది. దాచుకున్నదాని మొహంలో ఒక నిమ్మళం ఉంటుంది చూడండి, నాగభూషణం దాన్ని ఆమడ దూరం నుంచే పసిగట్టాడు.

"ఏందండీ, నొగకు సొరకాయ కట్టారు?" అంది ముత్యాలు, బండి చుట్టూ తిరిగి, ముందుకు పొడుచుకొచ్చిన ఆ కర్రను చూస్తూ.

"సొరకాయనకు తల్లీ, కళ్లు పోతాయి. తెలివిబుర్ర!" అన్నాడు నక్క. ఎండిన సొరబుర్ర అది, మూతికి ఎర్రటి లక్క వేసి ఉంది. "ఇరుసు ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత అరిగింది, అన్నీ లోపల లెక్క పడుతుంటయ్. సర్వీసు వేళకు తనే అరుస్తది. అరవగానే బండి మా కొట్టుకు తోలుకురా. నీకిక చింత లేదు."

"నా పాత బండికి కందెన గొట్టం ఉండేదండీ. గడ్డిమసిలో ఆముదం కలిపి నేనే రాసుకునేదాన్ని."

"మసీ ఆముదమూనా!" నక్క ముక్కు మూసుకున్నాడు. "ఈ ఇరుసుకు అవి సరిపడవు. మా కందెనే పడాలి, మావాడే వెయ్యాలి. ఇంకెవరన్నా ఇరుసు ముట్టినా, ఆ లక్క ఊడినా, మా పూచీ పోయినట్టే."

పూచీ అన్న మాట ముత్యాలుకు నచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లకు ఆ మాట తియ్యగా ఉంటుంది.

సరిగ్గా ఇరవయ్యో రోజున, దిగుడు సగంలో, నిండు పీపాలతో ఉన్నప్పుడు బుర్ర అరిచింది.

కీ... చ్! కీ... చ్! కీ... చ్!

ముత్యాలు నాలుగు కాళ్లూ తన్నిపెట్టి ఆగింది. వెనక చక్రం ఊడుతుందా? పీపాలు మీద పడతాయా? తన సంగతి సరే, పొట్టలోది? అడుగులో అడుగేసుకుంటూ కిందికి దిగి, మందకు నీళ్లు కూడా పొయ్యకుండా కొట్టుకు పరిగెత్తింది.

కొట్టు వెనక ఒక తడిక ఉంది. బండ్లు తడిక లోపలికి, బండ్లవాళ్లు తడిక బయటికి. అది కొట్టు కట్టుబాటు. బండిని కోతి పిచ్చయ్య లోపలికి తోసుకుపోయాడు. లోపల్నుంచి ధడేల్ ధడేల్మని ఒకటే చప్పుడు. ఆ సమ్మెటపోట్లు బయట కూర్చున్న ముత్యాలుకు తన వీపు మీద పడ్డట్టే ఉంది. జాము గడిచాక పిచ్చయ్య ఒక తాటాకు తెచ్చాడు. అందులో పద్దులు. అడుగున మొత్తం. తొమ్మిది మానికలు.

"అంత అరిగిందా అయ్యా?"

"అరగబట్టే గదా అరిచింది!" అన్నాడు పిచ్చయ్య. బుర్ర మాత్రం నోరు మూసుకుని ఉంది. అమ్మయ్య అనుకుని ముత్యాలు కొలిచింది.

మళ్లీ ఇరవై రోజులకు అరిచింది. పదకొండు మానికల రెండు సోలలు. నాగభూషణం కొట్టు దగ్గరికి పోతే గాలికి కూడా కొలత వేస్తారని గొర్రెలు గొణుక్కున్నాయి గానీ, ముత్యాలుకు వినబడలేదు. ఆమె చెవుల్లో ఎప్పుడూ ఒకటే చప్పుడు. బండి కిర్రుమంటే ఆగేది. కిర్రుమనకపోతే, ఎందుకు అనలేదా అని ఆగేది. తిన్నది ఒంటబట్టడం మానేసింది.

మూడోసారి అరిచినప్పుడు తెగించి అడిగింది. "ఈసారికి వదిలేస్తే ఏమవుద్దండీ? పాతర తరిగిపోతా ఉంది."

నాగభూషణం నొచ్చుకోలేదు, కోప్పడలేదు. ఎంతో జాలిగా చూశాడు. "నీ ఇష్టం తల్లీ. బలవంతం ఏముంది? కాకపోతే ఈ అరుపు మీద దిగుడు దిగావనుకో, నీ పొట్టలో బిడ్డకు నేను పూచీ కాదు."

తిట్టినా ఇంత తగిలేది కాదు. పధ్నాలుగు మానికలు కొలిచి వచ్చింది.

అరవైలో మిగిలినవి పాతిక మానికలు, రెండు సోలలు. నలభైకి ఎంత దూరమో గాడిదకు కూడా తెలుస్తుంది. ఎక్కువ తిరిగి ఆ లోటు పూడుద్దామని తొందరపడి, రెండో రోజే దిగుడులో కాలు బెణికించుకుంది. గోటి చుట్టు మీద రోకటి పోటు. బండిని కొట్టం పక్కన నొగలెత్తి నిలబెట్టి మూలపడింది. పద్దెనిమిది రోజులు ఒక్క చుట్టు తిరగలేదు చక్రం. కోళ్లు దాని కింద గుడ్లు కూడా పెట్టాయి.

పద్దెనిమిదో రోజు పొద్దున బుర్ర అరిచింది.

ముత్యాలు ఉలిక్కిపడి లేచింది. కుంటుకుంటూ పక్క దొడ్లోని ముసలి ఎద్దు సిద్దయ్య దగ్గరికి పోయింది. "మామా! బుర్ర అరుస్తా ఉంది. ఏమైందో ఏమో! కాలు కూడదీసుకుని కొట్టుకు పోవాల, తోడురా."

సిద్దయ్య నెమరు ఆపలేదు. "కదలని బండి అరిగిందంటే, పడుకున్నోడి కాలికి ముల్లు గుచ్చుకుందన్నట్టుంది. పద, చూద్దాం."

వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, చక్రం నడుమ ఇరుసు దగ్గర మూతి పెట్టబోయాడు.

"మామా, ముట్టుకోమాకు!" అంది ముత్యాలు హడలిపోయి. "పూచీ పోద్ది!"

"పూచీ అంటే ఏందే?"

"చక్రం ఊడితే ఆయనే బాగుచేసి ఇస్తాడంట."

"దిగుడులో చక్రం ఊడితే ఆ బాగైన బండి తీసుకోటానికి నువ్వెక్కడుంటావ్?"

"లోయలో," అంది ముత్యాలు.

"మరి ఆ పూచీ ఎవరికి? లోయకా?" సిద్దయ్య చీల లాగి చక్రాన్ని రెండు బెత్తెలు పక్కకు జరిపాడు. "ఇట్రా, చూడు. నలభై ఏళ్లు బండి లాగినోణ్ణి, నా ముక్కు చెప్తది. దిగుడు దిగినాక ఇక్కడ మూతి ఆనించాల. కాలితే కందెన కావాల. చల్లగుంటే నోరు మూసుకుని ఇంటికి పోవాల. ఇంతే శాస్త్రం. ఇప్పుడు ఇది చూడు."

ముత్యాలు చూసింది. ఇరుసు మీద కందెన ఎండి బెరడు కట్టి ఉంది. ఆ బెరడులో ఫాల్గుణ మాసపు కంది పొట్టు అతుక్కుని ఉంది. బండి కొన్న మొదటి వారంలో గొర్రెల కోసం కందిపొట్టు తోలింది ఆమెకు గుర్తే. అంటే మూడు సర్వీసుల్లో ఒక్కసారి కూడా ఈ చక్రం ఎవరూ విప్పలేదు. ఇన్నాళ్లూ ఆమె భయపడ్డ ప్రమాదం ఉత్తది కాదు. నిజంగానే పొడి ఇరుసు మీద, కడుపుతో, ఆ దిగుడు దిగింది. తడిక లోపల ధడేల్ ధడేల్మన్నంతసేపూ వాళ్లు వాయించినవి ఖాళీ డబ్బాలే.

అప్పుడు ఆమెకు కోపం వచ్చింది. గాడిద కోపం ఆలస్యంగా వస్తుంది, వస్తే మాత్రం వెనక్కాళ్లతో వస్తుంది.

"పోయి నాలుగు తన్ని వస్తా మామా."

"తంతే నువ్వు గాడిదవనే అంటారు. నక్క నోటితోనే చెప్పించు."

ముత్యాలు బుర్రను నొగ నుంచి విప్పి పట్టుకుంది. అది ఇంకా అరుస్తూనే ఉంది. దాన్ని చూసింది, సిద్దయ్య దొడ్లో మూలనున్న రాతి రోలును చూసింది. చాలాసేపు చూసింది.

మూడో రోజు గురువారం, సంత. నాగభూషణం కొట్టు ముందు గేదెలు, పొట్టేళ్లు, గుర్రాలు వరసకట్టి ఉన్నాయి. అన్ని బండ్లూ అరుస్తున్నాయి, అందరి మొహాల్లోనూ ఒకటే కంగారు. సిద్దయ్య ఒక పెద్ద చెక్కపలక లాక్కొచ్చాడు. దాని మీద ఏదో ఉంది, పైన చాప కప్పి ఉంది. ముందు రెండు వెదురుగడలు నొగల్లా పొడుచుకొచ్చాయి. ఒక గడకు బుర్ర, కీచుకీచుమంటూ.

"ఎండకు పాడవుద్దని కప్పానండీ," అంది ముత్యాలు. ఇది బెడిసికొడితే పాతిక మానికలూ పోతాయి, పరువూ పోతుంది.

పిచ్చయ్య చాప ఎత్తుతాడేమోనని ఊపిరి బిగబట్టింది. ఎత్తలేదు. ఎత్తే అలవాటు ఉంటేగా! నేరుగా బుర్ర మీద చెయ్యి వేశాడు, పలకను తడిక వెనక్కి లాగించాడు. ధడేల్ ధడేల్. జాము తర్వాత అంతా బయటికి వచ్చింది. బుర్ర నోరు మూసుకుంది. తాటాకు వచ్చింది.

"నాకు చదువు రాదండీ," అంది ముత్యాలు. "అందరూ వినేట్టు మీరే చదివి, మీ పంజా ముద్ర వేసి ఇయ్యండి. పాతరలో ఉన్నదంతా ఊడ్చి ఇస్తున్నా. ఆమాత్రం మర్యాద చెయ్యండి."

నిండు సంతలో తన కొట్టు పనితనం చదివి వినిపించడమంటే నాగభూషణానికి పండగ. గొంతు సవరించుకున్నాడు. "ఇరుసు కడిగి కందెన వేసినందుకు అయిదు మానికలు. కుడి చక్రం చీల మార్చినందుకు మూడు. ఎడమ చక్రానికి పట్టా బిగించినందుకు మూడు మానికల సోలెడు. దిగుడు దాకా నడిపి చూసినందుకు నాలుగు. బుర్రను శాంతపరిచినందుకు ఒకటి. వెరసి పదహారు మానికల సోలెడు!" పంజా సిరాలో ముంచి గట్టిగా అద్దాడు.

"దిగుడు దాకా నడిపారా? ఎట్లా నడిచిందండీ?"

"వెన్నలాగా!" అన్నాడు పిచ్చయ్య వెనకనుంచి.

ముత్యాలు చాప లాగేసింది.

రోలు. నల్లగా, నిండుగా, ఊరికి ముందు నుంచీ ఉన్నట్టుగా కూర్చుని ఉంది.

వరసలోంచి ఒక గేదె మెడ చాచి చూసి అంది. "ఓలమ్మో, దీన్నే నడిపావంటయ్యా? మా ఇంట్లో తిరగలి కూడా ఉంది, పరుగు నేర్పుతావా?"

నక్క నక్కే. తడబడలేదు. "అమ్మా, మా బుర్ర ఏది చెప్తే మేం అదే చేస్తాం. తప్పు ఉంటే నీ రోలుదే. అది బండి కాదని ముందే చెప్పొద్దూ?"

"రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకుందని విన్నాగానీ, నక్క పోయి రోలు మీద మొరపెట్టుకోవడం ఇదే చూడటం," అన్నాడు సిద్దయ్య.

"మీ బుర్రనే అడుగుదాం అయితే," అంది ముత్యాలు. దాన్ని నేలమీద పెట్టి, వెనక్కి తిరిగి, పద్దెనిమిది రోజులు విశ్రాంతి తీసుకున్న కాలుతో ఒక్కటి తన్నింది.

బుర్ర రెండు చెక్కలైంది. అందులోంచి ఒక కీచురాయి, బెల్లంముక్క కావలించుకుని, వెలుతురుకు కళ్లు చికిలిస్తూ బయటపడింది.

"నన్ను కొట్టమాకండమ్మా!" అంది. "ఇరుసంటే ఏందో నాకు తెల్వదు. బెల్లం పెట్టి మూతేస్తారు. ఇరవై రోజులకు అయిపోద్ది. ఆకలైతే అరుస్తా. మళ్లీ పెడతారు, ఊరుకుంటా."

ఇరవై రెండు బండ్లలో ఇరవై రెండు కీచురాళ్లు ఆ మాట విని ఒక్కసారే గొంతెత్తాయి. ఎవరి బుర్ర వాళ్లు పగలగొట్టుకున్నారు. ఎవరి పాత తాటాకులు వాళ్లు తీశారు. నాగభూషణం తన పంజా ముద్ర వంక, రోలు వంక చూశాడు. పద్దు నిజమైతే రోలుకు చీల ఎక్కడుందో చూపాలి. అబద్ధమైతే ఇన్నాళ్ల పద్దులూ అబద్ధమే. రోట్లో తల దూర్చాక రోకటి పోటుకు వెరచి లాభం ఏముంది? తేలు కుట్టిన దొంగలా గాదె తాళం తీశాడు.

ముత్యాలు జొన్నలు ఇంటికి చేర్చడానికి నక్క తన సొంత బండే కట్టాల్సివచ్చింది. బండి కదులుతుంటే అందరూ వంగి చూశారు. దాని నొగకు తెలివిబుర్ర లేదు. ఇరుసు పక్కన, ఆముదంతో నిగనిగలాడుతూ, మసి కందెన గొట్టం ఒకటి ఊగుతోంది.

ఇరుసు సంగతి ఇరుసునే అడగాలి. అరిచేదాన్ని అడిగితే అది తన ఆకలే చెబుతుంది.

వైశాఖ బహుళ అష్టమి, గురువారం నాడు ముత్యాలు పాతరలోకి తిరిగివచ్చిన జొన్నలు: ముప్పై నాలుగు మానికల రెండు సోలలు.