పైడితల్లి చేతి నరం

ఆ ఉదయం డాక్టర్ ప్రద్యుమ్నకి బుర్ర పనిచేయడం మానేసింది. మామూలుగా అది బ్రహ్మాండంగా పనిచేస్తుందని ఆ మిషన్ ఆసుపత్రిలో అందరికీ తెలుసు. తెలిసేలా అతనే చూసుకునేవాడు.

పలాసలో జీడిపిక్కలు కొట్టే పైడితల్లికి కాలేయంలో కేన్సర్ గడ్డ. కోసి తీస్తే తట్టుకునే ఓపిక ఆమెకి లేదు. చర్మం మీంచి గడ్డలోకి సన్నని సూది దింపి, దాని మొనను వేడెక్కించి, గడ్డను లోపలే కాల్చేయాలి. ఆ పనిలో ప్రద్యుమ్న చెయ్యి తిరిగినవాడే. కానీ ఈ గడ్డ ఒక పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉంది. పారే రక్తం వేడిని ఎత్తుకుపోతుంది. ఆ పక్క అంచు సగం ఉడికి బతికిపోతుంది. పోయిన వేసవిలో ఒక పెద్దాయనకి అలాగే అంచు నుంచి మళ్లీ లేచింది. ఆయన దక్కలేదు. ఆ సంగతి ప్రద్యుమ్న ఎవరి దగ్గరా ఎత్తడు.

అందుకే ఈసారి పంతం పట్టాడు. తనకి ఈ విద్య నేర్పిన సిస్టర్ ఫెలిసిటా దగ్గరికి వెళ్లాడు. ఆవిడ కన్యాస్త్రీ, డాక్టరు కూడా. తక్కువ మాట్లాడతారు.

"ఆ నాళంలో చిన్న బెలూన్ ఉబ్బించి కాసేపు మూసేస్తాను సిస్టర్. వేడి బాగా పెంచి, చుట్టూ ఒక్క రక్తపు చుక్క ఆడకుండా మాడ్చేస్తాను. ఇంకా ఏమైనా మిగిలితే, తర్వాత ఎక్కించే కీమో మందు చూసుకుంటుంది."

సిస్టర్ కళ్లజోడు తుడుచుకుంటూ అడిగారు. "మిగిలినదాని దగ్గరికి మందు ఏ దారిన వెళ్తుంది అబ్బాయ్?"

"రక్తంలోంచే కదా..." అని మధ్యలో ఆగిపోయాడు.

అక్కడ పడింది చిక్కు. నాళం తెరిచి ఉంచితే వేడి పోతుంది. మాడ్చి మూసేస్తే మందు రాదు. చదివిన వ్యాసాలన్నీ గుర్తు చేసుకున్నాడు. ఒకటి ఔనంటే ఇంకొకటి కాదంది. ఎంత ఆలోచిస్తే అంత అయోమయం. చివరికి ఉక్రోషం ఆపుకోలేక అడిగేశాడు.

"ఇంతకీ ఆ రక్తనాళం మనకి చుట్టమా, శత్రువా సిస్టర్?"

సిస్టర్ కళ్లజోడు పెట్టుకున్నారు. "పైడితల్లికి చేతి నరం దొరకలేదట. సెలైన్ సూది నువ్వు పెడుదువుగాని, పద" అంటూ లేచారు.

తను అడిగిందేమిటి, ఈవిడ చెప్పేదేమిటి? అది నర్సులు చేసే పని. ప్రద్యుమ్నకి ఒళ్లు మండింది, అయినా వెంట నడిచాడు.

జీడి మరకలతో పైడితల్లి చేతులు నల్లగా ఉన్నాయి. ఇదివరకు ఎక్కించిన మందులకి నరాలు గట్టిపడిపోయాయి. పైగా ఏసీ చలి. ప్రద్యుమ్న ఓ చోట గుచ్చాడు. దొరకలేదు. ఇంకోచోట గుచ్చాడు. రక్తం రాలేదుగానీ ఆమె కళ్లలో నీళ్లు వచ్చాయి.

"నా సెయ్యేటి, గోనె సంచేటి బాబూ?" అంది, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

అతనికి సిగ్గేసింది. వేడిగుడ్డ వేస్తే నరం పైకి తేలుతుందని మొదటి ఏడాది పిల్లలకి కూడా తెలుసు. తనే వెళ్లి, మరిగే నీళ్లు పోసిన గుడ్డని ట్రేలో పెట్టుకొచ్చాడు. దాని మీంచి పొగలు లేస్తున్నాయి. వేడి ఎంత ఉంటే అంత త్వరగా పనవుతుందని అతని తొందర.

సిస్టర్ ఆ గుడ్డని పొడి కొసన పట్టుకుని ఎత్తి, అతని మణికట్టు మీద వేశారు.

"అమ్మో!" ప్రద్యుమ్న చెయ్యి లాక్కున్నాడు.

"ఏమైంది? వేడి బాగా పెంచుతానన్నావుగా?"

"చర్మం ఊడొచ్చేది సిస్టర్!"

ఏడుస్తున్న పైడితల్లి ఫక్కున నవ్వింది.

సిస్టర్ గుడ్డని గాలికి విదిలించారు. తన చెంపకి ఆనించి చూసుకున్నారు. మళ్లీ విదిలించారు. మళ్లీ ఆనించుకున్నారు. అప్పుడు పైడితల్లి ముంజేతికి చుట్టి, పైన తన అరచెయ్యి పెట్టి కూర్చున్నారు.

గుడ్డ తీసేసరికి, నల్లటి మరకల కింద నరం నిండుగా పొంగి ఉంది. ప్రద్యుమ్న సూది పెట్టాడు. సుతారంగా దిగింది.

సూదికి ప్లాస్టర్ వేశాక కూడా అతను ఆ వెచ్చటి చేతిని వదల్లేదు. అదే గుడ్డ, అవే నీళ్లు. ఇందాకటి చిక్కు విడిపోయిందని చెప్పలేడు. కానీ అది ఇందాకట్లా లేదు.

"కీమో మందు ఎప్పుడు డాక్టర్?" నర్సు అడిగింది.

"ఇప్పుడే మొదలుపెట్టండి."

"కాల్చకముందేనా?"

"కాల్చకముందే. ఒంట్లో మందు తిరుగుతుండగానే కాల్చాలి. వెచ్చబడ్డ నాళాలు పొంగి అంచుకి మందు తెస్తాయి. ఆ బెలూన్ వెనక్కి పంపించెయ్యండి."

అనేశాడుగానీ, వెంటనే సిస్టర్‌ని తలుపు దగ్గరికి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు.

"నాళం తెరిచే ఉంటుంది కదా సిస్టర్. ఆ పక్క వేడి చాలదు. పోయిన వేసవిలో ఆ పెద్దాయనకి కూడా నేను..." పైడితల్లి మంచం వైపు చూశాడు. "ఈవిడ కూడా పోతే?"

సిస్టర్ అతని భుజం మీద చెయ్యి వేశారు.

"నడుమ కాల్చు అబ్బాయ్. అంచున కాపడం పెట్టు."