కొండ చెప్పిన జవాబు

అనగనగా మంచురేవు అనే ఊరు. అక్కడ ఏడాదికి మూడు నెలలు సూర్యుడు సెలవు పెట్టేవాడు. పొగమంచు సముద్రం మీంచి లేచి, వీధులన్నీ తిరిగి, పిల్లల పుస్తకాల మీద పడుకునేది.

చూడ్డానికి అందమే గానీ, రేవు మొదట్లో ఒక కొండ ఉంది. మంచులో అది కనబడదు. ఆ ఏడాది మూడు పడవలు దానికి కొట్టుకుని బద్దలయ్యాయి. రాజుగారు విసిగిపోయి, "మూడు రోజుల్లో ఉపాయం చెప్పండి. లేదా రేవు మూయిస్తాను" అని చాటింపు వేయించారు.

రేవు మూస్తే పడవ గంగన్న ఇంట పొయ్యిలో పిల్లి లేవదు. ఆయన కూతురు నూకాలు పెద్దబడిలో పదో తరగతి. "ప్రతిధ్వని అంటే ఏమిటి?" అని పంతులుగారు అడిగితే అందరూ పుస్తకంలో ముక్క వల్లించారు. నూకాలు మాత్రం, "కొండ మనకిచ్చే జవాబండీ" అంది. తరగతంతా గొల్లుమంది. పంతులుగారు బెంచీ ఎక్కించారు.

చాటింపు విని బడిపిల్లలే ముందుకొచ్చారు. మొదటిరోజు మార్తాండం కొండ మీద కాగడాలు వెలిగించాడు. మంచు ఆ వెలుగంతా తాగేసి ఊరుకుంది. రెండోరోజు బుచ్చిరాజు గంట కట్టించాడు. గంట మోగింది గానీ, దగ్గరో దూరమో ఎవరికీ తెలియలేదు.

మూడోరోజు నూకాలు రాజుగారినే తండ్రి పడవ ఎక్కించింది. సముద్రంలోకి వెళ్ళి, మంచులోంచి వెనక్కి తిరిగారు. గంగన్న తెడ్డు వేయడం ఆపాడు.

"తల్లీ, లెక్క తప్పితే?"

"నేనూ ఇందులోనే ఉన్నాగా నాన్నా."

నూకాలు "ఓ..." అని కేకేసి, పడవ అంచు మీద వేలితో తాళం వేసింది. ఆరు దెబ్బలకి కొండ "ఓ..." అంది. కాస్త ముందుకెళ్ళాక నాలుగు దెబ్బలకే పలికింది. తర్వాత రెండు.

"జవాబు తొందరగా వస్తోందంటే కొండ దగ్గరైనట్టే. ఎడమకి తిప్పు నాన్నా!"

తడిరాతి వాసన పడవ పక్కనుంచి మెల్లగా జారిపోయింది. మళ్ళీ నాలుగు. మళ్ళీ ఆరు. అంతలో రేవులో ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. రాజుగారు పడవ అంచు వదిలి, "రేవు ముయ్యను" అన్నారు. గంగన్న కూతురి తల నిమిరి ఏడ్చేశాడు.

మర్నాడు పంతులుగారు తరగతిని ఒడ్డుకి తీసుకెళ్ళారు. "అమ్మా నూకాలూ, ఆ కొండని నేనూ ఒకసారి పిలవనా?" అన్నారు. ముప్పై ఏళ్ళుగా ప్రతిధ్వని పాఠం చెబుతున్న ఆయన కొండని పిలవడం అదే మొదటిసారి.

నీతి: పాఠాన్ని వల్లె వేస్తే మార్కులొస్తాయి; ఆలోచించి వాడుకుంటే దారి దొరుకుతుంది.