తుడిచిన ప్లగ్గులు

గౌరీశ్వరరావులో ఒక సుగుణం ఉంది. అతను ఎవరినీ శ్రమ పెట్టడు. అంటే ఎవరినీ ఏదీ అడగడు. వ్యాను నడపడం, విప్పడం, మళ్ళీ బిగించడం, అన్నీ తనంతట తనే నేర్చుకున్నాడు. బిగించాక రెండు మరలు మిగిలిపోతే, కంపెనీవాళ్ళు ఎక్కువ పెట్టారని జాలిపడేవాడు. అలాంటివాడు యాభై దాటాక శృంగవరపుకోటలో బళ్ళు బాగుచేసే అప్పలకొండ మేస్త్రిని గురువుగా ఒప్పుకున్నాడంటే అది గురువుగారి అదృష్టమేనని అతని నమ్మకం.

ఒక ఆదివారం మధ్యాహ్నం అతను తన వ్యాను ఇంజనుకి నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గులు నాలుగూ విప్పి పట్టుకుని మేస్త్రి షెడ్డుకి వెళ్ళాడు. పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, వెండి గ్లాసుల్లా తళతళలాడించి మరీ తీసుకెళ్ళాడు. వాటిని బల్లమీద వరసగా పేర్చి, జ్ఞానం కోసం వచ్చినవాడిలా నిలబడి అడిగాడు.

"గురువుగారూ, బండికి మంచి ప్లగ్గంటే ఏది? దాన్ని ఎలా చూసుకోవాల?"

అసలు సంగతి అది కాదు. నాలుగు రోజులుగా అరకు ఘాటీలో ఏడో మలుపు దాటగానే ఇంజనులో ఒక చప్పుడు వస్తోంది. రేకుడబ్బాని ఎవరో గోటితో కొడుతున్నట్టు, టిక్కు టిక్కుమని. పొద్దున్నే అతని వ్యానులో ఏడుగురు టీచరమ్మలు పైనున్న బడులకి వెళ్తారు. మొదటి రోజు ఆ చప్పుడు వినపడకుండా అతను దగ్గాడు. రెండో రోజు పాటలు పెట్టాడు. మూడో రోజు పాటల గొంతు పెంచాడు. నాలుగో రోజు అరచేతుల చెమటకి స్టీరింగు జారింది. అతని సీటు వెనకాలే కూర్చునే వరహాలమ్మ టీచరు మాత్రం బండి కదిలీ కదలగానే నిద్రపోయేది. లోయని చూస్తే అతనికి అంత భయం వేసేది కాదు. అద్దంలో ఆవిడ నిద్ర చూస్తే వేసేది.

ఇదేమీ మేస్త్రికి చెప్పలేదు. తన చేత్తో బిగించిన ఇంజను చప్పుడు చేస్తోందని చెప్పుకోడం ఎలా?

అప్పలకొండ మేస్త్రి ఏ ప్రశ్నకీ వెంటనే జవాబిచ్చే మనిషి కాడు. ముందు కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటాడు. ఆ కడుక్కోడంలోనే సగం మంది ప్రశ్న మర్చిపోయి ఇంటికి వెళ్ళిపోతారు. ఆయన తాపీగా ప్లగ్గులు ఒక్కొక్కటీ తిప్పి, వాటిమీద అచ్చొత్తిన అంకెలు చూశాడు. నాలుగోదాని దగ్గర కొంచెంసేపు ఆగాడు.

"మొహాలు కడిగి తెచ్చావు నాయినా. పెళ్ళిచూపులకేటి?" అన్నాడు. తర్వాత అరలోంచి ఏదో తీసి జేబులో వేసుకుని, అతనితో వ్యాను దగ్గరికి నడిచి, ప్లగ్గులు మళ్ళీ బిగించమని చెప్పి, ఎక్కి కూర్చున్నాడు. ఘాటీ ఎక్కించమన్నాడు.

ఏడో మలుపు దాటారు. చప్పుడు మొదలైంది. గౌరీశ్వరరావు చెయ్యి తనకి తెలియకుండానే పాటల బొత్తాం మీదికి వెళ్ళింది. మేస్త్రి ఆ చెయ్యి పట్టుకుని పక్కకి పెట్టాడు. గోరు రేకుని కొడుతూనే ఉంది. ఎనిమిదో మలుపులో, బండి రొప్పుతూ నిటారుగా ఎక్కుతుండగా, ఆయన మామూలు గొంతుతో అన్నాడు.

"ఇంజను ఆపీ."

అక్కడ ఆపడమంటే ఏమిటో గౌరీశ్వరరావుకి తెలుసు. కుడిపక్కన కొండ, ఎడమపక్కన ఏమీ లేదు. అయినా ఆపాడు. బండి జానెడు వెనక్కి జారి ఆగింది. ఆ జానెడులో అతనికి ఇంటిల్లిపాదీ గుర్తొచ్చారు. దిగి వెనక చక్రాలకి రాళ్ళు పెట్టాడు, చాలదనిపించి ఇంకో రెండు పెట్టాడు. మేస్త్రి మాత్రం వేడిమీద విప్పితే మరలు పోతాయని పిట్టగోడ మీద కూర్చున్నాడు. అరగంటసేపు లారీలు హారన్లు కొట్టుకుంటూ, వ్యానుని ఊపుకుంటూ పోయాయి. ప్రతి లారీకీ గౌరీశ్వరరావు వ్యాను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, అది పడిపోతే తను ఆపగలిగేవాడిలాగా.

చల్లారాక ప్లగ్గులు విప్పి, చప్పుడు వేళ పట్టిన రంగు చెరగకుండా, తుడవకుండానే గుడ్డమీద పరిచారు. మూడింటి మూతులు, ఉండాల్సినట్టే, ఇటుక రంగులో ఉన్నాయి. నాలుగోది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఆ తెలుపు మీద ఆవగింజలో సగం కూడా లేని వెండిచుక్కలు నాలుగైదు మెరుస్తున్నాయి.

ఆ ప్లగ్గు కిందటి వారం అతనే కొన్నాడు. ఊళ్ళో మెల్లగా తిరిగితే ఆ సిలిండరులో మసి పడుతోందని, వేరే అంకెది, వేడిని వదలకుండా పట్టుకునే రకం వేశాడు. ఊళ్ళో మసి పోయింది. ఘాటీలో మాత్రం అది నిప్పుకణికలా కాలి, పెట్రోలుని వేళకి ముందే అంటించేస్తోంది.

"ఆ చుక్కలేటి గురువుగారూ?" అన్నాడు.

"పిస్టను. కరుగుతోంది."

గౌరీశ్వరరావు వ్యాను లోపలికి చూశాడు. వరహాలమ్మ టీచరు తల ఆన్చే చోట సీటు కొంచెం నూనె జిడ్డుగా ఉంది.

మేస్త్రి జేబులోంచి ఇంకో ప్లగ్గు తీశాడు. దానిమీద మిగతా మూడింటి అంకే ఉంది. వేళ్ళతో చివరిదాకా తిప్పి, స్పానరుతో కొద్దిగా మాత్రమే బిగించాడు. రాళ్ళు తీశారు. మెల్లగా పైదాకా వెళ్ళి తిరిగొచ్చారు. గోటి చప్పుడు లేదు. మర్నాడే ఇంజను విప్పి పిస్టను మార్చాడు మేస్త్రి. ఆ వారం టీచరమ్మలు బస్సులో వెళ్ళారు.

ఇది జరిగి ఏడాదైంది. గౌరీశ్వరరావు ఇప్పుడు ప్లగ్గులు తుడవకుండా, విప్పినవి విప్పినట్టే వరసగా కాగితంలో చుట్టి తెస్తాడు. నాలుగూ ఒకే అంకెవి వేస్తాడు. అంతవరకూ నేర్చుకున్నాడు. ఉన్న మాట ఉన్నట్టు చెప్పడం మాత్రం ఇంకా రాలేదు. మొన్న ఆదివారం కూడా షెడ్డుకి వచ్చి, చేతులు కట్టుకుని, బ్రేకు ఆయిలు ఏ రంగులో ఉంటే శ్రేష్ఠమని గురువుగారిని వినయంగా అడిగాడు.

మేస్త్రి ఈసారి చేతులు కడుక్కోలేదు.

"ఎన్నో మలుపులో?" అన్నాడు.